గోరింట కంచె వెనుక

ఆషాఢంలో మా మనవరాళ్ళు గోరింటాకు రుబ్బడం మొదలుపెట్టగానే నేను లేచి అరుగు మీదికి పోతాను. ఆ పచ్చి వాసన నాకు పడదు. తాతయ్య ముక్కు మరీ సుకుమారమని పిల్లలు నవ్వుతారు. ముక్కుదేం లేదు, ఆ వాసన వెంట బసప్ప వస్తాడు.

పందొమ్మిది వందల నలభైల్లో, నిజాం కాలంలో, జహీరాబాద్ నుంచి హైదరాబాదుకు పై చదువుకు వెళ్ళినప్పుడు మా హాస్టలు తోటమాలి బసప్ప. మా జహీరాబాద్ పక్కనున్న న్యాల్‌కల్ మనిషి. కన్నడం, తెలుగు, ఉర్దూ కలిపి మాట్లాడేవాడు. మొదటి నెలలో ఇంటి మీద బెంగతో బిక్కమొహం వేసుకుని తిరుగుతుంటే నన్ను పిలిచి, "మన దిక్కు పిల్లగానివే గద? గా గోరింట కంచె ఎనక కూసో బిడ్డా. మూడు దాక ఎండ రాదు," అన్నాడు. నిజం చెప్పాలంటే నా చదువంతా ఆ నీడలోనే సాగింది. ముందున్న పచ్చిక పెద్దింటి పిల్లలది. మెట్లు కవిత్వం చెప్పేవాళ్ళవి. కంచె వెనుక జాగా మాది. చాటుగా తెచ్చిన తెలుగు పత్రికను ఒకరు చదివితే పదిమందిమి వినేవాళ్ళం. నోరు తెరిచి వాదించడం నాకు అక్కడే వచ్చింది.

సర్కారుకు ఎదురు మాట్లాడితే చదువు ఊడిపోయే రోజులు. అందుకని ప్రతివాడి మీదా సర్కారు వేగేమోనని అనుమానమే. కొత్త చెప్పులు వేసుకొచ్చినవాణ్ణి కూడా, ఎవరు కొనిచ్చారోనని వారం రోజులు దూరం పెట్టాం. బసప్ప నీళ్ళు పోయడానికి దగ్గరికొస్తే మాట మార్చేవాళ్ళం.

ఒక వానాకాలం సాయంత్రం వెళ్ళి చూస్తే కంచె మోకాలెత్తుకు నరికేసి ఉంది. వార్డెన్ గది కిటికీలోంచి చూస్తే ఇక మేమంతా కనిపిస్తాం. మా జట్టుకు పెద్ద, వరంగల్ లక్ష్మారెడ్డి, పళ్ళు కొరికాడు.

"చూసిన్రా? వీడు సర్కారోళ్ళ మనిషే. రేపు మనమే ఫిర్యాదు చేద్దాం. వాళ్ళోడైతే కాపాడుకుంటరు, గప్పుడు తెలుస్తది. కాకుంటే పోతడు." అని నా వైపు తిరిగాడు. "మీ దిక్కోడే గద?"

ఆ ఒక్క ప్రశ్నతో అనుమానం నా మీదికీ తిరిగింది.

మరునాడు వార్డెన్ సాహెబ్ బసప్పను మా ముందే నిలబెట్టి, ఎవరి హుకుంతో నరికావని అడిగారు.

"హావు సాబ్! రెండు హావులు! పోరగాండ్లు గాడ్నే కూసుంటరు గద..." అన్నాడు బసప్ప, చేతులు ఆడిస్తూ.

"ఆవులంట సాబ్! ఆవులొచ్చి కంచెల దాక్కున్నయంట!" అన్నాడు లక్ష్మారెడ్డి. అందరూ పగలబడి నవ్వారు. తెలుగు అంతంతమాత్రంగా వచ్చిన వార్డెన్ నన్ను చూసి, "నీది ఆ వైపే కదా, ఏమంటున్నాడు?" అన్నారు.

మా అమ్మ పుట్టిల్లు బీదర్, ఆ సంగతి బసప్పకూ తెలుసు. కన్నడంలో హావు అంటే పామని నాకు మాటలు వచ్చిన నాటి నుంచీ తెలుసు. మేం కూర్చునే చోట పాములు తిరుగుతున్నాయని అతను కంచె నరికాడు. లక్ష్మారెడ్డి నా మొహమే చూస్తున్నాడు.

"ఆవులనే అంటున్నడు సాబ్," అన్నాను.

బసప్ప కొలువు ఆ పూటే పోయింది. ఎవరూ కాపాడలేదు కాబట్టి అతను వాళ్ళ మనిషి కాడని తేలింది. లక్ష్మారెడ్డి అది కూడా నాటకమేనన్నాడు, నేను తలూపాను.

మూట కట్టుకుని పోతూ బసప్ప నా దగ్గర ఆగాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"అమ్మతోని కన్నడం మాట్లాడుతలేవా బిడ్డా? మర్చిపోయినవా?"

"మర్చిపోయిన," అన్నాను.

"అయ్యో, గట్లనా! నాకూ సరిగ చెప్పొస్తలేదు తియ్యి. ఫికర్ జెయ్యకు. గాడ మాత్రం జర చూసి కూసో."

అన్ని అనుమానాల మధ్య నన్ను అనుమానించని మనిషి అతనొక్కడే. తర్వాత జహీరాబాద్ బడిలో ముప్పై ఏళ్ళు పంతులుగా పని చేశాను. సార్ చెప్పారంటే నిజమే అయివుంటుందని ఊళ్ళో అనేవారు. నా మాట అలా ఎవరైనా వెంటనే నమ్మితే, నాకు ఇప్పటికీ సిగ్గుతో తల వాలిపోతుంది.