కారణం లేని హంతకుడి పళ్ళు

వీధిలో అందరూ ఆయన్ని పళ్ళాయన అంటారు. డాక్టరు కాదు. డాక్టర్లు పంపించిన నోటి అచ్చులు ముందేసుకుని, మైనంతో మలిచి, పళ్ళ సెట్లు కట్టే మనిషి. ముప్ఫై రెండేళ్ళుగా అదే గది, అదే బల్ల, కిటికీ పక్కన అదే వంకర మెడ దీపం. ఆయనకి మొహాలు గుర్తుండవు గానీ పళ్ళు చచ్చినా మర్చిపోడు. బస్సులో ఎవరైనా పలకరిస్తే బిక్కమొహం వేస్తాడు. వాళ్ళు నవ్వగానే, "ఆఁ, పై వరసలో నాలుగోది మీకు నేనే కట్టాను" అని తేరుకుంటాడు. ఈ విద్య గురించి ఆయనకి కాస్త గీర కూడా ఉంది. నోరు చూస్తే చాలు, మనిషి జాతకం చెప్పేస్తానంటాడు. ఆ గీరే కొంప ముంచింది.

ఆయన అక్క కూతురు సినిమా తీసింది. పిల్లకి ఇరవయ్యారేళ్ళు, చేతిలో ఉన్న డబ్బు కెమెరా అద్దెకే సరిపోయింది. కథ కూడా పెద్దదేం కాదు. వేసవి సెలవుల్లో చెరువు పక్కన పిల్లల శిబిరం. పిల్లలు రాకముందే, అన్నీ సర్దిపెట్టడానికి వచ్చిన ఎనిమిది మంది కుర్రకారుని ముసుగువాడొకడు ఒక్కొక్కళ్ళనీ చంపుకుంటూ పోతాడు. చంపే ముందు నవ్వుతాడు. నటులంతా ఆ పిల్ల స్నేహితులే. హంతకుడి వేషం జిమ్ము నడిపే కుర్రాడిది.

"మావయ్యా, వీడు నవ్వితే టూత్‌పేస్టు ప్రకటనలా ఉంది" అంటూ ఒకరోజు ఆ కుర్రాణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. "చూస్తే ఒళ్ళు జలదరించాలి. అలాంటి పళ్ళు కట్టిపెట్టు. ఎల్లుండే షూటింగు."

మేనకోడలు అడిగితే కాదనే మావయ్య ఎక్కడుంటాడు. చేతిలో పనులన్నీ పక్కన పడేసి, కుర్రాడి పళ్ళకి అచ్చు తీశాడు. వాటి మీద తొడుగులా వేసే వంకర పళ్ళ వరసకి ఓ నమూనా కావాలి. అలమర కింది అరలో నంబర్లు లేని పాత అచ్చులు కొన్ని పడున్నాయి. పని నేర్చుకునే రోజుల్లో చేతికొచ్చినట్టు చెక్కినవి అనుకున్నాడు. కోరపన్ను పక్కదాని మీదికి ఎక్కి, ముందుపన్ను మూల విరిగి ఉన్నదాన్ని తీసి, దుమ్ము ఊది, తొందరలో ఎవరి నోరా అని చూసుకోకుండానే అచ్చం అలాగే మైనంలో దించేశాడు.

నంబర్లు లేని అచ్చులు ఆ అరలో ఇంకో రకానివి కూడా ఉంటాయని అప్పుడు తట్టలేదు. బయటివాళ్ళ అచ్చు అడుగున నంబరు వేస్తాడు, రిజిస్టర్లో పేరు రాస్తాడు. సొంతవాళ్ళకి మాత్రం వెయ్యడు. మనవాళ్ళ నోళ్ళు మనకి తెలియవా, నంబరెందుకు అనేది ఆయన ధీమా.

సినిమా విడుదలైన రోజు మధ్యాహ్నం ఆటకి అక్కని తీసుకెళ్ళి పక్కనే కూర్చున్నాడు. అరగంటకి తెర మీద ముసుగు కింది సగం పక్కకి తొలిగింది. నవ్వు తెరంత అయింది. కోరపన్ను, విరిగిన మూల. అవి బావగారి పళ్ళు. పోయి పదిహేనేళ్ళయిన మనిషివి. ఎప్పుడో దవడపన్ను ఒకటి కట్టించుకోవడానికి వచ్చినప్పుడు తీసిన అచ్చు. బావగారు తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు, మితభాషి, మర్యాదస్తుడు. ఆ వంకరపళ్ళు కనబడతాయని నలుగురిలో పెదవి విప్పి నవ్వేవాడు కాదు. అలాంటి మనిషి ఇప్పుడు హాలు నిండా జనం ముందు ఇకిలిస్తూ ఆడపిల్ల గొంతు కోస్తున్నాడు. పళ్ళాయన అక్క వైపు తల తిప్పే ధైర్యం చెయ్యలేదు. బయటికొచ్చాక ఆవిడ "బాగుందిరా" అని మాత్రం అంది.

ఆ తర్వాత వీధి రెండుగా చీలింది. పక్క కొట్లో గడియారాలు బాగుచేసే ఆయన, "అదీ ఒక సినిమాయేనా? పిచ్చివాడనో, పగపట్టాడనో చెప్పాలి కదయ్యా. ఏ కారణమూ లేకుండా ఎవడైనా నవ్వుతూ చంపుతాడా?" అని దుమ్మెత్తిపోశాడు. పళ్ళాయనకి పనులు పంపే డాక్టరమ్మ, "కారణం చెప్పలేదు కాబట్టే నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదు, అంతకంటే ఏం కావాలండీ" అంది. ఫోన్లలో రాసేవాళ్ళు కూడా ఇలాగే కొట్టుకుచచ్చారు. చెత్త అన్నవాళ్ళు సగం, ఇన్నాళ్ళకి అసలైన భయం చూశామన్నవాళ్ళు సగం. పళ్ళు మాత్రం అమోఘమని రెండు పక్షాలవాళ్ళూ ఒప్పుకున్నారు. ఆ మాట విన్నప్పుడల్లా పళ్ళాయన మాట మార్చేసేవాడు. పైకి మేనకోడల్ని వెనకేసుకొచ్చినా, లోపల ఆయనది గడియారాలాయన పక్షమే. ఊరికే ఎవడు చంపుతాడు?

కానీ ఊరందరి అభిప్రాయంతో ఆయనకేం పని? అక్క ఏమనుకుంటోంది అన్నదే ఆయన్ని తినేస్తోంది. అమ్మ పోయాక పెంచింది అక్కే. ఆవిడ మొగుణ్ణి బజారుకీడ్చిన పాపం తన నెత్తినే ఉంది. ఆవిడ మొహం చాటేస్తే ఇంక తనకంటూ ఎవరున్నారు?

రెండు వారాలకి మేనకోడలు ఫోను చేసింది. "అమ్మ మళ్ళీ నా సినిమాకి వెళ్ళింది మావయ్యా. ఇది మూడోసారి. ఒక్కతే వెళ్ళొస్తోంది, ఎందుకంటే చెప్పదు."

ఇక ఆగలేక మర్నాడు పొద్దున్నే అక్క ఇంటికి వెళ్ళాడు. ఆవిడ వంటింటి బల్ల దగ్గర కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. తమ్ముడికి కుర్చీ చూపించింది. కూర్చోకుండానే దారి పొడుగునా కూడబలుక్కున్నది మొదలెట్టాడు.

"అక్కా, నా వల్ల ఒక..."

"ఆ పళ్ళు మీ బావవే కదూ?"

గొంతులో కోపం లేదు. కోప్పడినా ఆయనకి కాస్త తేలికగా ఉండేది.

"బయట మీ బావ నవ్వగా ఎవరూ చూడలేదు" అంది ఆవిడ, చేతిలో పని ఆపకుండా. "ఇంట్లో నేను చూసేదాన్ని. తలుపు గడియ పెట్టి, అలాగే నవ్వేవాడు. ఆ నవ్వు తర్వాత దెబ్బ ఎటు నుంచి వస్తుందో తెలిసేది కాదు. పిల్లని ఆరో ఏటే హాస్టల్లో ఎందుకు పడేశాననుకున్నావు?"

పళ్ళాయన బల్ల మీంచి ఓ చిక్కుడుకాయ తీసుకుని, ఒలవకుండానే మళ్ళీ అక్కడే పెట్టేశాడు.

"ఆ సినిమాలోవాడికి కారణం లేదని మీ గడియారాలాయన గొడవట కదా. నేను పదమూడేళ్ళు వెతికానురా. ఎదురు చెప్పాననా, ఆలస్యంగా లేచాననా, నా మొహమే నచ్చలేదా అని. ఏదీ కాదు. సినిమాలో ఆ పిల్ల కూడా అడుగుతుంది చూడు, నేనేం చేశానని. వాడు జవాబు చెప్పడు. హాల్లో అంతమంది మధ్య కూర్చుని అది చూస్తుంటే, ఇందులో నా తప్పేం లేదని మొదటిసారి అనిపించింది. అందుకే మళ్ళీ మళ్ళీ వెళ్ళాను."

ఆవిడ చిక్కుళ్ళు పక్కకి జరిపింది.

"ఇది నాకొక్కదానికే తెలుసనుకునేదాన్ని. ఆ పళ్ళు కనబడగానే, మా తమ్ముడికి తెలుసు, నోటితో చెప్పలేక చేత్తో చెప్పాడు అనుకున్నాను. చీకట్లో ఏడ్చేశాను, నువ్వు చూడలేదు. తెలిసే పెట్టావు కదూ?"

అరవై ఏళ్ళ ఆ మొహంలో అంత ఆశ పళ్ళాయన ఎప్పుడూ చూడలేదు. జరిగింది పొరపాటు. ఎల్లుండి షూటింగని తొందరలో, చేతికందిన అచ్చు తీశాడు, అంతే. కానీ ఆ మాట చెబితే ఆవిడ మళ్ళీ ఒంటరిదైపోతుంది. క్షమాపణ అడగడానికి వచ్చిన మనిషికి అబద్ధమే దయగా తోచింది.

"తెలుసక్కా" అన్నాడు.

ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుంది. తడి వేళ్ళతో గట్టిగా, చిన్నప్పుడు రోడ్డు దాటించేటప్పటిలా. పళ్ళాయన గుండెల మీంచి కొండ దిగినట్టయింది. ఆవిడ ఏదో లెక్క కట్టుకుంటున్నట్టు కిటికీ వైపు చూస్తోంది. మెల్లగా వేళ్ళు సడలాయి.

"అయితే, కొళాయి దగ్గర జారిపడ్డానని ముందుపళ్ళు రెండూ విరగ్గొట్టుకుని నీ దగ్గరికి వచ్చానే, అప్పటికే తెలుసా?"

ఆయన తల దించుకున్నాడు. తెలియదని చెప్పే దారి తనే మూసేసుకున్నాడు.

"వారం రోజులు నీ ఇంట్లోనే ఉన్నాను" అంది అక్క. "పళ్ళు కట్టావు, అద్దం చూపించావు. మరి తెలిసి తెలిసీ, సంచి పట్టుకొచ్చి నన్ను మళ్ళీ ఆ ఇంటికెళ్ళే బస్సే ఎక్కించావేంరా?"