గోటి మీద పదును

మొన్న కూరగాయల కత్తి నూరుదామని సానరాయి మీద నీళ్లు చల్లానో లేదో, ఆ తడి రాతి వాసనకు నా మనసు అద్దంకిలో మా నాయన మంగలి కొట్టుకు, చెక్క కుర్చీకి, పటిక ముక్కకు, గోడకు వేలాడే తోలుపట్టీకి పరుగెత్తింది. ఆడపిల్లకు కత్తి ఏందని అమ్మ ఎంత గొణిగినా వినకుండా, గడ్డం కత్తి నూరడం ఆయన నాకే నేర్పాడు.

కత్తిని రాయి మీద పడుకోబెట్టి, వీపు లేవకుండా నడిపించాలి. గరగరమనే చప్పుడు సన్నబడి పట్టుచీర నలిగినట్టు వినిపించాక తోలుపట్టీ మీద లాగి, చివరికి బొటనవేలి గోటి మీద ఊరికే ఆనించి చూడాలి.

"జారిందా, ఇంకా మొద్దే. మెత్తగా పట్టుకుందా, పదునొచ్చినట్టు," అనేవాడు నాయన.

మాఘమాసమంటే మాకు మిరప కల్లాలు, పెళ్లిళ్లు. పిల్లలమంతా ఎర్రటి కాయల మధ్య కూర్చుని, తుమ్ముకుంటూ, నవ్వుకుంటూ రంగు పాలిన తాలుకాయలు ఏరేవాళ్లం. ఓ ఆదివారం అలాగే కల్లం నుంచి వచ్చి, చేతులు నీళ్లలో ముంచి పావడాకు తుడుచుకుని, పెళ్లికొడుకు కోటయ్య కోసం కత్తి నూరాను. గోటి మీద చూస్తే భలే పట్టింది, అబ్బో, నా గర్వం చూడాలి! గోటిసందున కారం ఉంటుందన్న ఇంగితం ఏదీ? సన్నాయి వాయించడానికి ముందే పెళ్లివారింటికి వెళ్లిన నాయనకు తీసుకెళ్లి ఇచ్చాను.

రెండు గీతలకే కోటయ్య "అబ్బా, మంట!" అంటూ లేచాడు. బుగ్గ ఎర్రగా పొంగింది. మేనమామలు మీదికొచ్చారు. నాయన కత్తిని వాసన చూశాడు, తర్వాత నా వేళ్ల వైపు చూశాడు. ఇక ఏ పెళ్లికైనా నాయన్ని పిలుస్తారా? నన్ను కత్తి ముట్టనిస్తాడా?

"నాదే పొరపాటండీ. కారం చెయ్యి కడుక్కోకుండా పట్టుకున్నా," అని నాయన తల వంచుకుని, ఆ బుగ్గకు పెరుగు రాశాడు.

మర్నాడు పొద్దున్నే నా చేతికి ముందు సబ్బుబిళ్ల ఇచ్చి, తర్వాత కత్తి ఇచ్చాడు.

ఇప్పుడు సెలూన్లలో సగం బ్లేడు బిగించి, గీసి, పారేస్తున్నారు. మంచిదే, జబ్బులు అంటవు. కానీ నూరేవాళ్లూ లేరు, గోటి మీద చూసేవాళ్లూ లేరు, మా నాయనా లేడు. పోయిన నెల బజారులో కోటయ్య కనిపిస్తే, ఇన్నేళ్లకు నోరు విప్పి ఆ కారం నాదేనని చెప్పేశాను. తెల్లటి మీసాల కింద నవ్వాడు ఆయన.

"నాకప్పుడే తెలుసులేమ్మా. మీ నాయన తెల్లారినకాడ్నుంచీ మా పందిట్లో సన్నాయి వాయిస్తానే ఉన్నాడు, ఇంక కారం ఎప్పుడు ముట్టుకున్నాడు? బిడ్డ కోసం ఆయన మీదేసుకున్నాక, మనం తియ్యడం ఎందుకులే అని ఊరుకున్నా."

నడిబజారులో, సిగ్గు లేకుండా, ఆయన చేతులు రెండూ పట్టుకుని ఏడ్చేశాను.