శ్రుతి చూసి కొన్న ఇంజను

మా తాత అప్పలనరసింహం సన్నాయి వాయించేవాడు. ఊరు రామతీర్థం దగ్గర. ఆయనకి తన సన్నాయి మీద ఉన్న నమ్మకం ఒక పాలయితే, తన చెవుల మీద ఉన్నది మూడు పాళ్ళు. సంతలో కుండ కొనాలంటే గోటితో కొట్టి విని, తల అడ్డంగా ఊపి, మరోటి తియ్యమనేవాడు. కుండలమ్మే దానమ్మ ఆయన్ని దూరంగా చూడగానే కుండల మీద గోనె కప్పేసేదట. మా మామ్మ చూడామణి కోపమొచ్చి తిడితే, "ఆ చివరి మాట కాస్త కిందికి దిగింది, మళ్ళీ తిట్టు" అనేవాడట. ఇది మామ్మ చెప్పిన మాట కాబట్టి సగమైనా నిజమై ఉంటుంది.

ఆ చెవులే ఆయన్ని ముంచాయని మా ఇంట్లో అందరూ అంటారు. నేను చదివింది తొమ్మిదో క్లాసు, అదీ పూర్తిగా కాదు. ఇంట్లో కూర్చుని వినడానికి బోలెడు తీరిక దొరికింది. తాతనీ, మామ్మనీ, బండి తోలిన లక్ష్ముడినీ వేరువేరుగా కూర్చోబెట్టి అడిగాను. కథ మొదటి సగం ముగ్గురూ నవ్వుతూనే చెప్పారు.

తాత మేళంలో డోలు వాయించేది జగన్నాధం. మా మామ్మకి స్వయానా అన్న. ఆయనా తాతా ఒకరినొకరు బావా, బావా అనుకుంటూ ఇరవై రెండేళ్ళు కలిసి వాయించారు. సాలూరు అవతల కొండల కింద ఊళ్ళలో వీళ్ళ మేళానికి మంచి పేరు. ఆ ఊళ్ళకి బస్సు లేదు. ఎడ్లబండి తోవ, మధ్యలో గెడ్డలు. మన వైపు వాగుని గెడ్డ అంటాం. వానొస్తే గంటలో నిండుతుంది, రెండు గంటల్లో తీస్తుంది.

అరవయ్యేడులో ఇద్దరూ కలిసి చెరొక మెరక పొలం చెక్క అమ్మి, యుద్ధం నాటి మిలట్రీ పికప్పు ఒకటి కొన్నారు. నాలుగు చక్రాలూ లాగే బండి. ఇసకన్నా రాళ్ళన్నా దానికి లెక్కలేదు. పెళ్ళిళ్ళు లేని నెలల్లో గోగునార కట్టలు మొయ్యొచ్చు. ఒకటే లోపం, దాని ఇంజను పగిలిపోయి ఉంది. అంటే నడిచేది ఒక్కటీ తప్ప మిగిలిన బండంతా కొన్నారన్నమాట.

విజయనగరంలో మెకానిక్కు అసిరయ్య షెడ్డులో రెండు ఇంజన్లు ఉన్నాయి. ఒకటి అలాంటి మిలట్రీ బండిలోంచే తీసిన పెట్రోలుది. రెండోది బోల్తాపడ్డ చిన్న లారీలోంచి తీసిన డీజిలుది. రెండూ చెక్క దిమ్మల మీద పక్కపక్కనే కూర్చున్నాయి. అసిరయ్య ముందే తేల్చి చెప్పాడు.

"మీ తోవకి డీజిలే పెట్టండి. తాగుడు తక్కువ. మెల్లగా లాగినా గట్టిగా లాగుతాది. ముక్కెంగా దీనికి ప్లగ్గుల్లేవు, కరెంటు పంచే మూత లేదు. నీళ్ళలోకి దిగినా ఆగదు. చలికాలం పొద్దుటేల కాస్త మొండికేస్తాది, అంతే."

"మరి పెట్రోలుది?" అన్నాడు తాత.

"తేలిక. ఇలాగ తిప్పితే అలాగ లేస్తాది. కానీ నీళ్ళంటే బయ్యం. ఇదిగో, ఈ డిస్ట్రిబ్యూటరు మూత తడిసిందా, ఇంక మీరు దిగి తొయ్యడమే."

"విన్నావు కదా బావా. డీజిలు కట్టెయ్యమను," అన్నాడు జగన్నాధం.

మామూలు మనిషయితే అక్కడితో అయిపోయేది. మా తాత రెండూ స్టార్టు చెయ్యమన్నాడు. సంచిలోంచి చిన్న శ్రుతిపెట్టె తీసి, దిమ్మ పక్కన గొంతుక్కూర్చుని, శ్రుతి పడుతూ పెట్రోలు ఇంజను విన్నాడు. తర్వాత డీజిలు విన్నాడు. షెడ్డులో పనివాళ్ళు పానాలు కింద పెట్టి చుట్టూ చేరారు. అసిరయ్య ముప్పై ఏళ్ళలో ఎన్నో బేరాలు చూశాడుగానీ, ఇంజనుకి పాటకచేరీ పరీక్ష పెట్టినవాణ్ణి చూడలేదు.

"ఇది షడ్జం మీద నిలబడ్డాది," అన్నాడు తాత పెట్రోలుదాన్ని చూపించి. "అది చూడు, పళ్ళు కొరుకుతన్నాది."

"నీకు కచేరీ చేసి పెడతాదేటి బావా అది? బరువు మొయ్యాల, గెడ్డ దాటాల."

"మూడు గంటలు దాని మీద కూర్చుని దిగితే చెవుల్లో హోరు పోడానికి ఇంకో మూడు గంటలు పడతాది. హోరెత్తిన చెవులతో శ్రుతెలా పట్టను? నీకేటి, డోలువాడివి. ఆ చప్పుడు నీకు చుట్టం."

"అవును, నాకు చెవుల్లేవు. నాకున్న బుర్ర నీకు లేదు," అన్నాడు జగన్నాధం. అలా అని నవ్వాడు కూడా. తాత మాట కాదనడం ఆయనకి అలవాటు లేదు.

పెట్రోలు ఇంజనే బిగించారు. వెళ్ళేటప్పుడు అసిరయ్య ఒక పెద్ద మైనపు గుడ్డ, నులకతాడు లక్ష్ముడి చేతిలో పెట్టాడు. "గెడ్డలోకి దిగే ముందు ఫ్యాను బెల్టు తియ్యి, ఈ గుడ్డతో మూత చుట్టూ బిగించు. మరిచిపోతే నన్ను తిట్టుకోవద్దు."

తాత చెవుల్ని ఎంత ఎక్కిరించినా ఒక మాట ఒప్పుకోవాలి. ఏడాది పాటు ఆ బండి బాగానే నడిచింది. లక్ష్ముడు ప్రతి గెడ్డ దగ్గరా దిగి గుడ్డ చుట్టేవాడు, దాటాక విప్పేవాడు. తాత ముందు సీట్లో కూర్చుని ఇంజను శ్రుతికి రాగం తీసేవాడు. వెనక బల్ల మీద డోలు పట్టుకుని ఎగిరెగిరి పడుతూ జగన్నాధం, "ముందర కచేరీ, ఎనకాల కుస్తీ" అని అరిచేవాడట.

అరవయ్యెనిమిది జ్యేష్ఠంలో జగన్నాధం పెద్దకూతురు నీలవేణికి పెళ్ళి కుదిరింది. నీలవేణి సగం రోజులు మా ఇంట్లోనే పెరిగిన పిల్ల. తాత సాధన చేస్తుంటే గుమ్మంలో కూర్చుని తాళం వేసేది. నాలుగేళ్ళప్పుడు, "మావా, నా పెళ్ళికి నువ్వే వాయించాల" అందట. తాత సన్నాయి మీద చెయ్యేసి మాటిచ్చాడు. నాలుగేళ్ళ పిల్లకి ఒట్టేసిన మనిషి మా తాత ఒక్కడే అయ్యుంటాడు. ఆ పిల్ల అది మరిచిపోలేదు. సంబంధం కుదిరిన రోజున అడిగింది కూడా. తాళి కట్టే వేళ గట్టిమేళం తరవాత ఆనందభైరవి కావాలంది.

మన వైపు పెళ్ళి మొగపెళ్ళివారింట్లోనే చేస్తారు. వాళ్ళ ఊరు కొండ కింద, సాలూరు దాటాక గెడ్డ అవతల. ముహూర్తం పొద్దున్న తొమ్మిదిన్నరకి. పెళ్ళికూతుర్నీ చుట్టాల్నీ తీసుకుని జగన్నాధం ముందురోజే ఎడ్లబళ్ళ మీద బయల్దేరాడు.

తాత వాళ్ళతో వెళ్ళలేదు. ముందురోజు సాయంత్రం గరివిడిలో ఒక పెద్దింటి పెళ్ళికి మేళం ఒప్పుకున్నాడు. బండి లేని రోజుల్లో అయితే ఒప్పుకునేవాడు కాదు. ఈ మాట తాతే నాతో అన్నాడు.

"రెండూ అందుకోగలవా బావా?" అని జగన్నాధం అడిగితే, "తెల్లారి బయల్దేరితే ఎనిమిదికల్లా నీ పందిట్లో కూర్చుంటాను. బండెందుకు కొన్నామనుకున్నావు?" అన్నాడట.

"నీ వెనక డోలు కొట్టడానికి నాను ఖాళీగా ఉండను. పిల్లకి తండ్రిని. ఆ కుర్ర డోలువాణ్ణి మరిచిపోకుండా తే."

"తెస్తాను. నువ్వు పట్టుపంచె కట్టుకుని కూకో."

తెలతెలవారుతుండగా గరివిడిలో బయల్దేరారు. దారంతా తుంపర. తాత తన మూడు సన్నాయిలకీ తడి తగులుతుందని, సీటు కింద ఉన్న మైనపు గుడ్డ తీసి వాటికి చుట్టి, నులకతాడుతో కట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. కర్ర తడిస్తే ఉబ్బుతుంది, నోట్లో పెట్టుకునే పీక నానిపోతే పలకదు.

గెడ్డ దగ్గరికి వచ్చేసరికి ఎనిమిదిన్నర. రాత్రి కొండ మీద గట్టి వాన పడినట్టుంది. నీళ్ళు ఎర్రగా, మోకాలు దాటి పారుతున్నాయి. లక్ష్ముడు దిగి, కర్రతో లోతు చూసి వచ్చాడు.

"దాటొచ్చు. ఆ గుడ్డ ఇలాగియ్యండి. బెల్టు తీసి, మూతకి చుట్టి పోదాం."

"అది సన్నాయిలకి కట్టేను," అన్నాడు తాత.

"ఇప్పండి మరి."

"ఎంతసేపురా దాటడం?"

"రెండు నిమిషాలు. బెల్టు తీసి, మళ్ళీ బిగించడానికి పావుగంట."

"పావుగంట లేదు మనకి. పైగా నీళ్ళు చింది సన్నాయి తడిసిందంటే అక్కడికెళ్ళి ఏటి వాయిస్తాను? ఊపు మీద పోనీ."

లక్ష్ముడు ఇంకోసారి చెప్పాడు. తాత, "పోనీమంటన్నానా" అన్నాడు. లక్ష్ముడు పోనిచ్చాడు.

సరిగ్గా నడి గెడ్డలో ఫ్యాను నీళ్ళని లేపి ఇంజను మీద కొట్టింది. బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. లక్ష్ముడు మూత తీసి పంచెతో తుడిచాడు, పంచె కూడా తడిదే. హాండిలు తిప్పారు. కుర్ర డోలువాడు, శ్రుతి పట్టేవాడు, అందరూ వంతులేసుకుని తిప్పారు. తొమ్మిదయింది. తాత సన్నాయిల మూట నెత్తిన పెట్టుకుని నీళ్ళలోకి దిగాడు. గట్టెక్కి, పంచె ఎగ్గట్టి, బురద తోవలో పరుగు తీశాడు. అవతల ఊరు ఇంకా ఆరు మైళ్ళు. అప్పటికాయనకి యాభై రెండేళ్ళు. డోలు మోస్తున్న కుర్రాడు కూడా ఆయన్ని అందుకోలేకపోయాడట.

పందిట్లో జరిగింది మా మామ్మ కళ్ళారా చూసింది. ఇక్కడి నుంచి ఆమె నవ్వలేదు.

తొమ్మిదిన్నర దగ్గర పడుతుంటే జగన్నాధం రెండుసార్లు వీధి చివరిదాకా వెళ్ళి చూసొచ్చాడు. మొగపెళ్ళివారి పెద్ద ఒకాయన, "మేళకాళ్ళ ఇంట పెళ్ళికి మేళం లేదేటి" అన్నాడు, వినపడేలాగే. పురోహితుడు ముహూర్తం దాటకూడదన్నాడు. పెళ్ళికొడుకు తాళి చేతిలోకి తీసుకున్నాడు. పురోహితుడు అలవాటుగా చెయ్యెత్తి "గట్టిమేళం" అన్నాడు. పందిరంతా నిశ్శబ్దంగా ఉంది.

జగన్నాధం పీటల పక్కనుంచి లేచాడు. ఆ ఊరి గుడిలోంచి తెచ్చి మూలన పెట్టిన పాత డోలు ఒకటుంది. పట్టు ఉత్తరీయం తీసి మామ్మ చేతికిచ్చి, ఆ డోలు మెడలో తగిలించుకుని, కన్యాదానం చేసిన చేతులతోనే ఒక్కడూ వాయించాడు. కూతురి పెళ్ళిలో తండ్రి కూలికొచ్చిన వాయిద్యగాడిలా నిలబడ్డాడు. సన్నాయి లేని డోలు ఎలా ఉంటుందో నేను వినలేదు. మామ్మ మాత్రం, "శవం ముందర వాయించినట్టున్నాదే" అంది.

తాత చేరేసరికి పదింపావు. అక్షింతలు కింద పడి ఉన్నాయి. మోకాళ్ళ దాకా బురదతో పందిట్లో నిలబడి, నులకతాడు ముడి విప్పడానికి చూశాడు. తడికి బిగుసుకున్న ముడి వేళ్ళకి రాలేదు.

"బావా, ఒక్క ఆనందభైరవి," అన్నాడు.

"ఇప్పుడెందుకండి," అన్నాడు జగన్నాధం. "అలిసిపోయేరు. కూర్చోండి."

నీలవేణి మెడలో పసుపుతాడుతో ఆయన దగ్గరికొచ్చి, "మావా, ఏటైనా తిన్నావా?" అని అడిగింది.

ఆ తర్వాత గొడవేమీ జరగలేదు. మా వాళ్ళు గొడవపడుంటే బాగుండేది, మూడో రోజుకి కలిసిపోయేవాళ్ళు. జగన్నాధం మేళం మానలేదు. పక్కనే కూర్చుని ఎప్పట్లాగే డోలు వాయించాడు. కానీ ఆ రోజు నుంచి ఆయన నోట 'బావా' అన్న మాట రాలేదు. "రండి", "కూర్చోండి", "శ్రుతి సరిచూసుకోండి". ఇరవై రెండేళ్ళు ఏరా, ఒరే అని కూడా అనుకున్న మనిషి అలా గౌరవం ఇస్తుంటే తాత రోజురోజుకీ కుంచించుకుపోయాడు. వెనక బల్ల మీంచి అరుపులు ఆగిపోయాయి. బండిలో ఇంజను చప్పుడొక్కటే వినపడేది.

ఊళ్ళో అందరికీ తెలిసిన కథ ఒకటే, పెట్రోలు ఇంజను గెడ్డలో ఆగిపోయింది. తాత కూడా అదే చెప్పేవాడు. "అసిరయ్య చెప్పినట్టు డీజిలు పెట్టించుకోవలసింది. నా చెవులే నన్ను చెడగొట్టేయి" అని ఎవరడిగినా ఒప్పుకునేవాడు. అరవైతొమ్మిదిలో ఆ పెట్రోలుది తీయించి డీజిలే పెట్టించాడు. అది గడగడలాడుతూ ఏ గెడ్డలోనైనా దిగి అవతల తేలేది. దాని హోరుకి తాత నిజంగానే చెవులు పట్టుకుని దిగేవాడు. అయినా ఒక్కరోజూ విసుక్కోలేదు. శిక్ష వేసుకున్నట్టు దాని పక్కనే కూర్చునేవాడని లక్ష్ముడు చెప్పాడు.

మైనపు గుడ్డ సంగతి మాత్రం తాత ఎవరికీ చెప్పలేదు. మామ్మకి కూడా చెప్పలేదు. ఇంజను తప్పు చెయ్యడం వేరు, లక్ష్ముడు చెయ్యి చాపి అడిగినా ఇవ్వకపోవడం వేరు. రెండోది చెప్పడానికి ఆయనకి పదకొండేళ్ళు పట్టింది.

జగన్నాధం మంచం పట్టాక ఒక పొద్దున్న తాత ఆయన దగ్గరికి వెళ్ళాడు. ఇది తాత నాకు చెప్పేటప్పుడు మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఎప్పుడూ ఆటపట్టించే దాన్ని, అప్పుడు మాత్రం ఆయన పక్కకి జరిగి కూర్చున్నాను.

"ఆ రోజు ఇంజను తప్పు కాదు," అన్నాడట తాత. "గుడ్డ నా దగ్గరే ఉన్నాది. లక్ష్ముడడిగేడు. సన్నాయి తడుస్తాదని నేనే ఇవ్వలేదు."

"తెలుసండి. లక్ష్ముడు ఆ వారమే వచ్చి ఏడ్చి సెప్పేడు."

"తెలిసి నన్నడగలేదేటి?"

"మీరు సెప్తారని సూసేను. ఆ ఏడు సూసేను, మరుసటేడు సూసేను. ఇంజన్ని తిట్టినప్పుడల్లా సూసేను. తరవాత సూడ్డం మానేసేను."

తాత ఆయన చెయ్యి పట్టుకున్నాడు. జగన్నాధం చెయ్యి వెనక్కి తీసుకోలేదు, అలాగని తిరిగి పట్టుకోనూ లేదు. కొంతసేపటికి లోపల ఉన్న భార్యని కేకేశాడు.

"అప్పలనరసింహంగారొచ్చేరు. కాఫీ ఇచ్చి పంపు."