కల్లం గట్టున చెప్పులు

నా చిన్నప్పుడు మా ఇంటి వసారాలో ఎదురెదురు గోడలకి రెండు పటాలు వేలాడుతుండేవి. అవి రెండూ ఒకదాన్నొకటి గుర్రుగా చూసుకుంటున్నాయని నాకు గట్టి నమ్మకం. తూర్పు గోడకి మరియమ్మ తల్లి పటం, దాని కింద మేకుకి మా నాయనమ్మ జపమాల. పడమటి గోడకి మా తాతయ్య తన చేత్తో రంగులేసిన గుడ్డ పటం. అందులో ఏడు తలల మృగం, ఏడు బూరలు, నేల మీంచి మబ్బుల్లోకి పోయే పొడుగాటి నిచ్చెన. అన్నానికి కూర్చుంటే నేను మృగానికి వీపు పెట్టి, తల్లి వైపు తిరిగి తినేదాన్ని.

మాది సత్తెనపల్లి దగ్గర మిరప పండించే ఊరు. నాన్న వాళ్ళు తాతల నాటి నుంచీ ఆర్‌సీఎం వాళ్ళు, అంటే కథోలిక్కులు. తాతయ్యంటే అమ్మ వాళ్ళ నాన్న. దర్శి వైపు బడిపంతులుగా చేసి, అమ్మమ్మ పోయాక మా ఇంటికొచ్చి ఉండిపోయారు. వచ్చేటప్పుడు ఒక రేకు పెట్టె, ఒక బైబిలు, చుట్టచుట్టిన ఆ గుడ్డ పటం తెచ్చుకున్నారు. ఆయనది వేరే సంఘం. ప్రభువు రాకడ దగ్గరపడిందనీ, కడబూర మోగగానే నమ్మినవాళ్ళు రెప్పపాటులో పైకి ఎత్తబడతారనీ, మిగతావాళ్ళు ఇక్కడే ఉండిపోయి నానా శ్రమలూ పడతారనీ చెప్పేవారు. ఎంతో దూరం లేదు, ఈ కాయ గోతాలకెక్కే లోపే కావచ్చనేవారు. ఏటా అదే మాట అనేవారు, ఏటా కాయ గోతాలకెక్కి గుంటూరు పోయేది. ఆయన మాత్రం చెక్కు చెదిరేవారు కాదు.

నాయనమ్మా తాతయ్యా వియ్యంకులు కదా, ఆవిడ ఆయన్ని అన్నయ్యగారూ అనేది, ఆయన ఆవిణ్ణి చెల్లెమ్మా అనేవారు. ఆ మర్యాద ఎక్కడా చెడకుండా గంటల తరబడి కొట్లాడుకునేవారు. మరియమ్మకి దండం పెట్టమని గ్రంథంలో ఎక్కడుందో చూపించమనేవారు ఆయన. కొడుకు ఇంటికెళ్ళి అరుగు మీద కూర్చున్న తల్లిని పలకరించకుండా లోపలికి పోతామా అనేది ఆవిడ. ఉత్తరించు స్థలం అనే మాట గ్రంథంలో లేనేలేదనేవారు ఆయన. చనిపోయిన ఆత్మలు పరలోకానికి పోయేముందు శుద్ధి అయ్యే చోటు అది అని మా గుళ్ళో చెప్పేవాళ్ళు. నాయనమ్మకి చదువు లేదు, కానీ నోరుంది. పచ్చి కాయని కోసుకొచ్చి అట్నుంచటే గోతంలో కుక్కితే బూజు పట్టదూ, కల్లంలో నాలుగెండలు తగలాలి కదా, మనిషి మాత్రం రెప్పపాటులో ఎండుతాడా అని అడిగేది. తాతయ్య కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఆలోచనలో పడేవారు. ఆ సందులో ఆవిడ లేచి వెళ్ళి ఆయనకి మజ్జిగ తెచ్చి ఇచ్చేది. అమ్మా నాన్నా ఈ గొడవల్లో వేలు పెట్టేవారు కాదు. ఎవరి పక్షం మాట్లాడినా ఆ పూట ఇంకొకరి అలక తీర్చాలని వాళ్ళకి తెలుసు.

నాకు మాత్రం ఆ పోట్లాటలంటే భలే సరదా. సరదా అంతా ఒక్క మధ్యాహ్నం ఆవిరైపోయింది. తాతయ్య నాకు పటం చూపిస్తూ, పొలంలో ఇద్దరు పని చేస్తుంటే ఒకరు ఎత్తబడతారు, ఒకరు ఉండిపోతారు అని చెప్పారు. మరి నాయనమ్మో అన్నాను. ఆయన నిచ్చెన మీంచి వేలు తీసేశారు. తర్వాత, మీ నాయనమ్మ బంగారంలాంటి మనిషే కానీ ఆ పూసలు వదలనంత కాలం నాకు భయంగానే ఉందమ్మా అన్నారు. కోపంగా అనలేదు, నిజంగా బాధపడుతూ అన్నారు. అందుకే నేను నమ్మాను.

నాకప్పుడు ఎనిమిదేళ్ళు. నాయనమ్మ చీర కొంగు పట్టుకోకపోతే నాకు నిద్ర పట్టేది కాదు. అందరం పైకి పోయి, ఆవిడొక్కతే ఖాళీ ఊళ్ళో కూర్చుని ఎవరికి సంకటి కలిపి పెడుతుందా అని తల్చుకుంటే గుండె గుబేలుమనేది. ఆ పూసలే అడ్డమైతే అవి లేకుండా చేసేద్దామనుకున్నాను. మర్నాడు ఆవిడ స్నానానికి వెళ్ళినప్పుడు పీటెక్కి జపమాల తీసేశాను. ఎక్కడ దాచాననుకున్నారు? తాతయ్య రేకు పెట్టెలో, అడుగున, చలికాలపు శాలువ మడతల్లో. నాయనమ్మ ప్రాణం పోయినా ఆ పెట్టె ముట్టుకోదు కదా. నా తెలివికి నేనే మురిసిపోయాను.

జపమాల కనిపించకపోయేసరికి నాయనమ్మ తిడుతుందనుకున్నాను. ఆవిడ ఒక్కరినీ ఒక్క మాట అనలేదు. ఇల్లంతా వెతికింది, గాదె కింద వెతికింది, ఎలకలు లాక్కుపోయాయేమోనని చూరులో చెయ్యి పెట్టింది. ఆ జపమాల పెళ్ళినాడు వాళ్ళమ్మ మెళ్ళోంచి తీసి ఆవిడ చేతిలో పెట్టిందట. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. ఇక వెతకడం మానేసి, కల్లంలో కాయలేరుతూ, ఆ కాయల్తోనే జపం లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టింది. మంగళవార్త అనే మరియమ్మ జపం పదిసార్లకి పది ఎర్రకాయలు, ఒక పరలోక జపానికి రంగుపోయి తెల్లబడ్డ తాలుకాయ ఒకటి. ఆ చేత్తోనే కళ్ళు తుడుచుకునేది. కళ్ళు మండి నీళ్ళు ధారగా కారేవి. అవి మిరపకాయల నీళ్ళో, జపమాల కోసం నీళ్ళో నాకు తెలిసేది కాదు. చూడలేక నేను పక్కకి తిరిగిపోయేదాన్ని.

తాతయ్య కూడా మారిపోయారు. పోట్లాటే లేదు. ఆయన బైబిల్లో ప్రకటన గ్రంథం తెరిచి చదువుతున్నా ఆవిడ ఏమీ అనకుండా వింటుంటే, ఆయనకి చదవాలనిపించక మూసేసేవారు. రెండో రోజు నుంచి ఆయనే మోకాళ్ళ మీద కూర్చుని, కల్లంలో జారిపడ్డాయేమోనని కాయల రాశిలో చేతులు పెట్టి పూసల కోసం వెతకడం మొదలుపెట్టారు. వదిలెయ్యమని ఇన్నాళ్ళూ చెప్పింది వాటినే. పోతే పోయాయి లెండి అన్నయ్యగారూ అని ఆవిడ, పోతే ఎలా చెల్లెమ్మా అని ఆయన. తిరిగి ఇచ్చేస్తే నాయనమ్మ ఇక్కడే ఉండిపోతుంది, ఇవ్వకపోతే ఇలా ఏడుస్తుంది. ఎనిమిదేళ్ళ బుర్రకి అంతకంటే పెద్ద చిక్కు ఇంకేం ఉంటుంది చెప్పండి.

అయిదో రోజు నేను బడి నుంచి వస్తుంటే ఉత్తరాన నల్లటి మబ్బు లేచింది. కాయ ఆరబోసిన రోజుల్లో మబ్బు కనబడితే మా ఊళ్ళో పెద్దా చిన్నా తేడా ఉండేది కాదు. దగ్గర్లో ఏ కల్లం ఆరబోసి ఉంటే అందులోకి దూకి, రాశి చేసి పట్టా కప్పాల్సిందే. ఎంత తొందరైనా ఒక్క పద్ధతి మాత్రం తప్పేవాళ్ళు కాదు. మనిషి నోట్లోకి పోయే కాయ కాబట్టి చెప్పులు గట్టునే విడిచి లోపలికి దిగాలి. నేను మా కల్లం చేరేసరికి పెద్ద గాలి, టపటపా చినుకులు. గట్టు మీద చెప్పులు వరసగా ఉన్నాయి. మనిషన్నవాడు లేడు.

రాశి మీద పట్టా కప్పి ఉంది. చీపుళ్ళు ఎక్కడివక్కడ పడున్నాయి. మంచినీళ్ళ చెంబు దొర్లుతోంది. నాన్నా అని పిలిచాను, అమ్మా అని పిలిచాను, పలికేవాళ్ళు లేరు. అంతలో పైన ఒక ఉరుము ఉరిమింది చూడండి, అది అచ్చం తాతయ్య చెప్పిన బూరలాగే వినబడింది. నాకు విషయం అర్థమైపోయింది. రానే వచ్చింది, అందరూ వెళ్ళిపోయారు.

భయపడ్డానా? లేదు. ముందు చెప్పులు చూశాను. తాతయ్య టైరు చెప్పులు, అమ్మవి, నాన్నవి. వాటి పక్కనే తెగిన పట్టీకి గుడ్డ పీలిక కట్టిన నాయనమ్మ చెప్పులు! నాయనమ్మ కూడా వెళ్ళింది! ఆ చివర పక్క కల్లం పెద్దాయన కిర్రు చెప్పులు కూడా ఉన్నాయి. ఆయన మా గుడికీ రాడు, తాతయ్య మందిరానికీ పోడు, శనివారం శనివారం రామాలయానికి పోతాడు. ఆయన్నీ తీసుకుపోయాడు ప్రభువు! సంతోషం పట్టలేక ఆ వానలో చప్పట్లు కొట్టి గంతులేశాను. ఈ వయసులో కూడా చెబుతున్నాను, నా జీవితంలో అంత సంతోషం మళ్ళీ నా పెళ్ళినాడు కూడా లేదు.

అప్పుడు తట్టింది, అందరూ పోతే మరి నేనేంటి ఇక్కడ? ఎందుకో కూడా వెంటనే తెలిసిపోయింది. ఆకాశం కేసి మొహం ఎత్తి గొంతు చించుకుని అరిచాను.

“ప్రభువా, నాయనమ్మ పూసలు నేనే దొంగిలించాను. తాతయ్య పెట్టెలో శాలువ కింద ఉన్నాయి. ఇప్పుడే పరిగెత్తి ఇచ్చేస్తాను, నన్ను కూడా తీసుకుపో!”

ఆకాశం ఏమీ అనలేదు. పట్టా తుమ్మింది.

ఒకటి కాదు, వరసగా నాలుగైదు తుమ్ములు. రాశి పోసిన కాయల ఘాటు అంతా ఇంతా కాదు. గాలికి పట్టా ఎగిరిపోతుంటే, ఆ అంచుల్ని కాళ్ళ కింద తొక్కిపట్టి అందరూ దాని లోపలే కూర్చున్నారు. గాలి హోరులో నా ముందు పిలుపులు వినబడలేదట, ఈ అరుపు విని నాన్న బయటికి రాబోతే, దొంగిలించాననే మాట దగ్గర నాయనమ్మ ఆయన చెయ్యి పట్టి ఆపిందట, మొత్తం విందామని. పట్టా తీస్తే ఏముంది, మోకాళ్ళు మోకాళ్ళు తగిలేలా నాయనమ్మా తాతయ్యా ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. ఇద్దరి ముక్కులూ మిరపపళ్ళలా ఉన్నాయి. పక్క కల్లం పెద్దాయన నవ్వలేకా తుమ్మలేకా గిలగిల్లాడుతున్నాడు.

అమ్మ నా చెవి పట్టుకోబోయింది. తాతయ్య ఆపి, ఎందుకు తీశావమ్మా అని అడిగారు. నాయనమ్మ ఉండిపోతుందన్నారు కదా, పూసలు లేకపోతే వస్తుందనుకున్నాను అని చెప్పాను. ఆయన మొహం పాలిపోయింది. లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా, వానలో తడుస్తూ ఇంటికి వెళ్ళారు. తిరిగొచ్చేటప్పుడు ఆయన రెండు చేతుల్లో ఆ జపమాల ఉంది. దాన్ని ముట్టుకోవడం ఆయనకి అదే మొదటిసారి. తడవకుండా తన ఉత్తరీయం కప్పి తెచ్చారు. నాయనమ్మ ముందు గొంతుక్కూర్చుని, ఆవిడ దోసిట్లో పెట్టారు.

“దొంగ ఇది కాదు చెల్లెమ్మా, నేను. నా మాటల్లో ఒక తాలుకాయ కలిసింది, పిల్ల దాన్ని తినేసింది.”

తర్వాత నన్ను దగ్గరకి తీసుకుని, నా తల తుడుస్తూ ఇంకో మాట చెప్పారు.

“నిచ్చెన గీసింది నేనే తల్లీ. ఎవరెక్కుతారో రాసే పని మాత్రం నాకెవరూ అప్పజెప్పలేదు.”

నాయనమ్మ ఆ జపమాల కళ్ళకద్దుకుంది. మళ్ళీ కళ్ళు మండాయి, మళ్ళీ నీళ్ళు కారాయి. ఈసారి అవి ఎందుకో నాకు తెలుసు. ఆవిడ ముక్కు చీది, మీరు ముందు వెళితే నాకు కాస్త చోటు ఉంచండి అన్నయ్యగారూ అంది. తాతయ్య తప్పకుండా ఉంచుతానన్నారు. అని ఊరుకోకుండా, ఉత్తరించు స్థలం అనే మాట మాత్రం గ్రంథంలో లేదు చెల్లెమ్మా అన్నారు. ఆ రోజుతో ఇల్లు మళ్ళీ ఇల్లయింది. తెల్లారేసరికి పోట్లాట పొయ్యి వెలిగింది, మజ్జిగ గ్లాసులూ తిరిగాయి. ఆయన తన నమ్మకం నుంచి అంగుళం జరగలేదు, ఆవిడా జరగలేదు. కానీ ఆయన మళ్ళీ ఎప్పుడూ, ఎవరి పేరు పెట్టీ, వీళ్ళు ఉండిపోతారని అనలేదు.

తాతయ్యే ముందు వెళ్ళారు. సమాధి దగ్గర ఆయన సంఘం వాళ్ళు పాటలు పాడి వెళ్ళిపోయాక, నాయనమ్మ అక్కడే కూర్చుని ఆయన కోసం జపమాల మొత్తం చెప్పింది. ఆయనకి నచ్చదు కదా నాయనమ్మా అన్నాను. తెలుసులేవే, కోపమొస్తే నేను వెళ్ళాక అక్కడ పోట్లాడుకుంటాం అంది.

ఇప్పుడు ఆ జపమాల నా దగ్గరుంది. ఆ గుడ్డ పటం కూడా నా దగ్గరే ఉంది, అంచులు ఎలకలు కొరికాయి గానీ నిచ్చెన బాగానే ఉంది. మా మనవడు ఫోనులో ఎవరెవరివో ప్రసంగాలు చూసి, వాళ్ళు పరలోకానికి పోరట, వీళ్ళు పోరట నానమ్మా అని మొదలుపెడతాడు. నేను వాడితో వాదించి గెలవాలని చూడను. ఆదివారం నాతో తీసుకుపోతాను, ఒక వారం మా గుడికి, ఒక వారం వీధి చివర తాతయ్య సంఘం వాళ్ళ మందిరానికి. మెట్ల దగ్గర ఒక్క నిమిషం ఆగి, అక్కడ విడిచిన చెప్పుల వరస చూడమంటాను. తెగిన పట్టీలకి పీలికలు కట్టినవి రెండు చోట్లా ఉంటాయి. ఆ వరసలో నా చెప్పులు కూడా విడిచి లోపలికి వెళ్తుంటే, ఇన్నేళ్ళ తర్వాత కూడా, ఆ వానలో చప్పట్లు కొట్టిన పిల్ల నాలో ఓ గంతు వేస్తుంది, అదిగో, నాయనమ్మ కూడా వెళ్ళింది అని.