కొల్లేటి పడవకు వేసిన తాళం

యాప్రాల్‌లో మా ఫ్లాటు అటక మీది సామాను దించుతుంటే మొన్న ఒక ఇనుప గొలుసు చేతికి తగిలింది. అది రైల్లో పెట్టెకు కట్టే గొలుసు, కాబట్టి దాని తుప్పు వాసనకు రైలే గుర్తు రావాలి. నాకు మాత్రం బురద, తుంగ, తామరాకులు కలగలిసిన కొల్లేటి నీళ్ల వాసన ముక్కుకు తాకింది. గొలుసుకు వేసిన తాళం వేసినట్టే ఉంది, ఆ పక్కన లింకు ఒకటి తెగి ఉంది. పాత ఇనుమువాడు వస్తే ఇచ్చేద్దామని దాన్ని గుమ్మం పక్కన పెట్టాను.

మేం లాలాగూడ రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్లం. నాయన వర్క్‌షాపులో ఫిట్టరు. ఆయన పక్కనే పనిచేసే సుబ్బరాజు గారిది కొల్లేటి ఒడ్డున ఊరు, అక్కడ వాళ్ల అన్నయ్యకు ఒక పడవ ఉండేది. దసరా అయిన మర్నాడే నాయన, అమ్మ, నేను, తమ్ముడు సుబ్బరాజు గారి వెంట సికింద్రాబాద్‌లో రాత్రి బండెక్కి, పొద్దున్నే ఏలూరులో దిగి, బస్సులో ఊగుతూ ఆ ఊరు చేరేవాళ్లం. క్లాసులో అందరూ సెలవులకు చుట్టాలిళ్లకు పోతుంటే, మేం చుట్టాలెవరూ లేని నీళ్ల మీదికి పోతున్నామని నేను పోయిన గొప్పలు అన్నీఇన్నీ కావు.

సద్దుల బతుకమ్మకు చేసిన మలీద ముద్దల్లో మిగిలినవి, ముందురోజు కాల్చిన సర్వపిండి, డబ్బాడు కారప్పూస, చేతికి నూనె అంటుకునే పులిహోర, ఇవన్నీ ఒక రేకు ట్రంకులో సర్దేది అమ్మ. రైలెక్కగానే నాయన సీటు కింది కడ్డీకి ట్రంకును గొలుసుతో బిగించి, తాళం వేసి, గుంజి గుంజి చూసి, తాళంచెవి అమ్మకిచ్చేవాడు, అమ్మ దాన్ని కొంగు చివర ముడేసుకునేది. అంతవరకు ఏ రైల్వే ఇంట్లోనైనా జరిగేదే. నాయన పడవెక్కినా అదే పని చేసేవాడు, ట్రంకును పడవ అడ్డచెక్కకు గొలుసేసి కట్టేవాడు. సుబ్బరాజు గారు పడవ తోసే గెడ పక్కన పెట్టి మరీ నవ్వేవారు.

బుడమేరు, తమ్మిలేరు మోసుకొచ్చిన వాన నీళ్లన్నీ వచ్చి చేరేది ఆ రోజుల్లోనే, అందుకని ఊరి వెనక కాలువలో ఎక్కితే కాలువలోంచి ఏట్లోకి, ఏట్లోంచి అవతలి ఒడ్డు కనిపించని కొల్లేట్లోకి పడవ దిగకుండా పోయేవాళ్లం. కిక్కిస పొదల మధ్య సన్నని దారుల్లో ఆకులు చెంపలకు రాసుకునేవి, తమ్ముడు తామరాకు నెత్తిన బోర్లించుకుని పోలీసు టోపీ అనేవాడు, పులిహోర కూడా తామరాకులోనే తినేవాళ్లం. సుబ్బరాజు గారు గెడ మా చేతికిస్తే పడవ ముందుకు పోవడం మాని ఉన్నచోటే గిరగిరా తిరిగేది. లాలాగూడలో కుళాయి వచ్చే వేళకు ముందే లేచి బిందెలు వరస పెట్టే అమ్మకు అక్కడ ఏ పనీ ఉండేది కాదు. పడవ అంచున కూర్చుని కాళ్లు నీళ్లలో వేలాడేసుకునేది.

"గిన్ని నీళ్లు ఇడిసిపెట్టి మల్ల నల్లా కాడ నిలబడాలె," అని తనలో తనే నవ్వుకునేది.

అమ్మకు ఒకటే కోరిక. మధ్యాహ్నం భోజనాలకు ఆగే దిబ్బకు ఎదురుగా, నీళ్లలో ఒక చెట్ల గుంపు ఉండేది. పొద్దుగూకే వేళ గూడబాతులనే పెద్ద పక్షులు వేలకు వేలు వచ్చి ఆ చెట్ల మీద వాలతాయని సుబ్బరాజు గారు ప్రతి ఏడూ చెప్పేవారు. ప్రతి ఏడూ నాయన అంతకు ముందే గడియారం చూసుకునేవాడు.

"చీకటి దాంక ఉంటే బండి పోతది. మల్లొచ్చినప్పుడు జూద్దాం తీయ్."

ఆఖరి ఏడు దిబ్బ దగ్గరికి వస్తుండగా సుబ్బరాజు గారు మెల్లగా చెప్పారు. "వచ్చే ఏడు ఈ పడవ ఉండదమ్మా. అన్నయ్య అమ్మేస్తున్నాడు. అందరూ గట్లు పోసి చేపల చెరువులు తవ్వేస్తుంటే ఇంక పడవకి దారెక్కడ?"

అమ్మ నీళ్లలోంచి కాళ్లు తీసి చీర సర్దుకుంది. ఆ ముఖం చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది.

భోజనాలకని ట్రంకును దిబ్బ మీదికి దింపాం కనుక, నాయన చేతిలో ఊరికే ఉన్న గొలుసుతో ఈసారి పడవనే దిబ్బ మీది మొద్దుకున్న ఇనుప కడియానికి బిగించి తాళం వేశాడు.

"పడవకి తాళం వేసిన మనిషిని మిమ్మల్నే చూశానండీ," అన్నారు సుబ్బరాజు గారు.

"పోతే మీ అన్నకు జవాబు నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?" అని నాయన తాళంచెవి అమ్మకిచ్చాడు.

తిరిగి బయల్దేరే వేళకు అమ్మ కొంగు దులిపి చూపించింది. ముడి ఊడిపోయి ఉంది. "చేతులు కడుక్కుంటుంటే జారినట్టుంది," అంది. నాయన ప్యాంటు మడిచి మోకాళ్ల లోతు బురదలో దిగాడు. మేమూ దిగాం. నత్తలు దొరికాయి, ఎవరిదో గాజు దొరికింది, చెవి దొరకలేదు. బండి మీద ఆశ వదులుకుని సుబ్బరాజు గారు తువ్వాలు పరుచుకుని పడుకున్నారు.

అప్పుడు వచ్చాయవి. ముందు ఒక వరస, దాని వెనక ఇంకో వరస, ఆ తర్వాత లెక్క లేదు. బరువైన రెక్కల గాలి మా తలల మీదుగా పోయింది, చూస్తుండగానే ఆ చెట్ల పచ్చదనమంతా తెల్లబడిపోయింది. అమ్మ నీళ్లలోకి నడిచి వెళ్లి, చీర తడుస్తున్నా చూసుకోకుండా, చిన్నపిల్లలా రెండు చేతులూ ఊపింది. నాయన బురద చేతులతో నడుం పట్టుకుని నిలబడ్డాడు.

"రైట్ టైమ్‌కే వచ్చినయ్," అన్నాడు.

చివరి పక్షి కూడా వాలాక, ట్రంకు అడుగున పనిముట్ల సంచిలో రంపం బ్లేడు ఉందని ఆయనకు గుర్తొచ్చింది. ఆయనే కూర్చుని లింకు కోశాడు. ఆ రాత్రి సుబ్బరాజు గారి అన్నయ్య ఇంట్లో వేడన్నం, చేపల పులుసు తిని పడుకున్నాం.

ఆ పడవ ఎవరు కొన్నారో తెలియదు. నేను ఈమధ్య పెళ్లికని అటు వెళితే, పడవ తిరిగిన చోట గట్ల మీద బైకులు తిరుగుతున్నాయి, దిబ్బ ఎక్కడుందో చెప్పేవాళ్లు లేరు.

గుమ్మం పక్కన గొలుసు చూసి అమ్మ, "ఆగు, ఇయ్యకు," అని లోపలికి పోయి, పాత కుంకుమ భరిణెలోంచి చిన్న తాళంచెవి తెచ్చింది. కొబ్బరినూనె చుక్క వేసి తిప్పితే తాళం టక్కున ఊడింది. నేను నోరు తెరిచాను. అమ్మ సిగ్గుపడుతూ నాయన వైపు చూసింది. పేపరు చదువుతున్న నాయన తలెత్తనైనా లేదు.

"నాకు అప్పుడే ఎరుకాయె. రొంట్ల దోపుకునేటప్పుడే జూసిన."

"మరి అంతసేపు బురదల ఏం దేవులాడినవ్ నాయినా?"

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"దొరికితే బండికి పోవాల్సొస్తుండె గదా, బిడ్డా."