రైల్వేగేటు ఓబులేసు పళ్లు కొరుకుడు

పెనుకొండ దగ్గర రైల్వేగేటు కాపలా కాసే ఓబులేసుకు ఒక ఏడాది చిగుళ్లు వాచి నెత్తురు కారసాగింది. భార్య సాకమ్మ హిందూపురంలో పళ్ల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది.

"నిద్దట్లో పళ్లు కొరుకుతాడమ్మా," అంది.

డాక్టరమ్మ చిగుళ్లు శుభ్రం చేసి, పడుకునేటప్పుడు పళ్లకు పెట్టుకోమని తొడుగు ఇచ్చింది. "మనసులో ఏమన్నా దిగులుందా?" అని అడిగింది.

"గేటేసినా ఒకాయన సైకిలుతో దూరి పట్టాల మీద పడ్నాడు. రైలొచ్చేలోగా లాగేసినా. అందరూ మెచ్చుకున్యారు. నాకే ఇంకా దడ పోల్యా. రైలు కూత ఇంటే ఉలిక్కిపడ్తా," అన్నాడు ఓబులేసు.

"ఈ దడ సంగతి నాతో ఎందుకు చెప్పల్యా?" అంది సాకమ్మ.

"నువ్వు బెదుర్తావని."

ఆనాటి నుంచి ఆమె సాయంత్రాలు తినడానికి బొరుగులు మూటకట్టుకొని గేటు దగ్గరికి వెళ్లి, అతనితో కబుర్లాడేది. క్రమంగా చిగుళ్లు గట్టిపడ్డాయి. పళ్లు కొరకడం పూర్తిగా పోలేదు గానీ, ఓబులేసు రైలు కూత విని ఉలిక్కిపడటం మానేశాడు.