మంగళవారం గిటారు

ఉదయం నుంచి ఫోను నా చేతిలో నిలవడం లేదు, నేనూ ఒక చోట నిలవడం లేదు. పుణేలో కొత్తగా ఉద్యోగంలో చేరిన మా అక్క కూతురు ఎలక్ట్రిక్ గిటారు కొంటానని ఒక దుకాణంలో నిలబడి, నాకు రికార్డింగుల మీద రికార్డింగులు పంపిస్తోంది. "చిన్నమ్మా, రేటు ఎక్కువ వద్దు. ఆవాజ్ మాత్రం వెచ్చగ, మెత్తగ ఉండాలె. ఈ రెంట్ల ఏది తీసుకోవాలె? జల్ది చెప్పు, దుకాణమాయన నన్నే చూస్తుండు" అంటుంది. వంటింట్లో విన్నాను, మెట్ల మీద కూర్చుని విన్నాను, మిద్దె మీద ఆరేసిన బట్టల మధ్య నిలబడి విన్నాను. రెండూ బాగానే ఉన్నాయి. బాగానే ఉన్న రెండింట్లో ఒకదాన్ని ఎంచడమంత తలనొప్పి ఇంకోటి లేదు. పైగా గిటారు మాటెత్తితే నిదానంగా సలహా చెప్పగలిగే మనిషిని కాను. నాది కొన్నప్పటి గాభరా అంతా మళ్లీ ఒంట్లోకి వచ్చేస్తుంది.

మా ఇల్లు దాజీ పేట్‌లో, మరాఠీ ఊళ్లోని తెలుగు నేతగాళ్ల వాడలో. అప్పుడు కింద పవర్‌లూమ్‌లు, పైన మేము. టవళ్లు నేసే మగ్గాలు. పొద్దున బటన్ నొక్కితే ఇంట్లో గిన్నెలు కూడా సన్నగా వణుకుతుండేవి. ఆ చప్పుడులో పెరిగిన వాళ్లం కాబట్టి మా ఇంట్లో ఉప్పు అడిగినా పోట్లాటలాగే ఉండేది. అక్కను చూడటానికి వచ్చిన పెళ్లివారు, అమ్మా నాయినా చాయ్‌లో చక్కెర గురించి మాట్లాడుకుంటుంటే తగవు జరుగుతోందనుకుని లేవబోయారు. నవ్వుకోవడానికి బాగుంటుంది కానీ, ఆ చప్పుడు నాయిన చెవులను మెల్లగా తినేసింది. ముందు సన్నటి శబ్దాలు పోయాయి. కుక్కర్ కూత పోయింది, పిచ్చుకలు పోయాయి, ఫోను గంట పోయింది. ఆ తర్వాత నేను పోయాను. నా గొంతు పుట్టుకతోనే సన్నం.

"నాయినా, చాయ్ తాగుతవా?" అని నేను అడిగితే ఆయన మా బావ వైపు తిరిగి "ఏమంటున్నది?" అనేవాడు. బావ, అంటే అక్క మొగుడు, మా మగ్గాల దగ్గరే పనిచేసేవాడు. ఆయనది డ్రమ్ములోంచి వచ్చినట్టుండే గొంతు. "చాయ్ అంటున్నది మామా" అనగానే నాయినకు వినిపించేది. కన్నతండ్రితో మాట్లాడటానికి దుబాసీని పెట్టుకోవాల్సిన గతి నాది. బావ మంచివాడే, ఒక్కనాడూ విసుక్కోలేదు. అయినా ఆయనంటే నాకు కుళ్లుగానే ఉండేది. నాయిన ఒకప్పుడు భజనలో ముందు వరసలో కూర్చుని పాడేవాడు. తాళాల చప్పుడు చెవిన పడక ఒకసారి వెనకబడితే ఎవరో నవ్వారట, ఆ రోజుతో భజన మానేశాడు.

నేను బడిలో పంతులమ్మగా చేరాక అక్కడి సంగీతం సార్ దగ్గర గిటారు నేర్చుకున్నాను, ఊరికే, తోచక. కానీ జోడ్‌భావి పేట్‌లో చుట్టాల పెళ్లి ఊరేగింపులో ఒక సంగతి జరిగింది. బ్యాండు ఆగి, కుర్రాడొకడు ఎలక్ట్రిక్ గిటారు మీద లావు తీగలు మీటాడు. నాయిన టక్కున తల తిప్పి, "గదేం ఆవాజ్? మంచిగున్నది" అన్నాడు. ఎవరూ చెప్పకుండా, ఎవరినీ అడగకుండా ఆయన ఒక శబ్దం వైపు తిరగడం చూసి ఎన్నాళ్లయిందో. నాకు ఇక నిద్ర పట్టలేదు. నా గొంతు వినిపించకపోతే పోనీ, నా చేతిలోంచి వచ్చే గొంతైనా ఆయనకు వినిపించాలి. ఈ చెవులు పూర్తిగా మూతపడేలోగా వినిపించాలి. అదీ నా తొందర.

దుకాణానికి పోయి నాకు వచ్చిన భాషలో అడిగాను. "ఆవాజ్ మవూ పాహిజే" అన్నాను. మెత్తటి శబ్దం కావాలని. మవూ అంటే మరాఠీలో మెత్తన. టవలు బాగుందనడానికి మా పేటలో అందరూ ఆ మాటే వాడతారు. అంతటితో ఊరుకోక, అలవాటు కొద్దీ బొటనవేలూ చూపుడువేలూ కలిపి నలుపుతూ చూపించాను. దుకాణమాయన నవ్వి, "తాయీ, యే గిటార్ హై, టవల్ నహీ" అన్నాడు, అక్కా ఇది గిటారు, టవలు కాదని. సిగ్గుతో చచ్చిపోయాను. కానీ ఆయన దయగలవాడు, నచ్చకపోతే మార్చుకొమ్మని ఒకటి ఇచ్చి పంపాడు. ఇంటికి తెచ్చి, దాంతో పాటు కొన్న ఆంప్‌కు, అంటే శబ్దం పెంచే పెట్టెకు, తగిలించగానే అది గుర్రుమంది. కింద మగ్గాల మోటార్ల రొదనంతా ఆ గిటారు లాక్కుని నాకే తిరిగి వినిపిస్తోంది. ఆ రొద మాత్రం నాయిన చెవిన పడింది. "ఇంకో మగ్గం పెట్టినవా ఏందే?" అన్నాడు. పరుగున తీసుకుపోయి ఇచ్చేశాను.

ఆ తర్వాత కాళ్లు నిలవక బడి వదలగానే దుకాణంలోనే ఉండేదాన్ని. ఒక్కొక్కటే దింపడం, మీటడం, మళ్లీ తగిలించడం. తీగల కింద ఉండి వాటి శబ్దాన్ని పట్టే పికప్‌లో ఒకే తీగచుట్ట ఉంటే అది మోటార్ల గురకను పట్టుకుంటుందని, రెండు చుట్టలు జతగా ఉన్నదైతే ఆ గురకను మింగేసి స్వరాన్ని చిక్కగా ఇస్తుందని, మెడ వైపున్న పికప్ మీద వాయిస్తే ఇంకా గుండ్రంగా పలుకుతుందని, టోన్ నాబ్ కాస్త తగ్గిస్తే తీగల గరుకు పోతుందని అప్పుడే నేర్చుకున్నాను. చివరికి అలాంటిదే ఒకటి దొరికింది. బరువైనది, ఎర్ర మట్టి రంగుది. వెనక గీత పడిందని ఎవరూ కొనక మూలన పడి ఉండటంతో నా చేతికి అందే ధరకే వచ్చింది. లావు తీగ మీటితే గది నిండింది. ఇదే, అనుకున్నాను.

ఇంట్లో మగ్గాలు ఆడుతుంటే అది నాకే వినిపించలేదు, ఇక నాయిన సంగతి చెప్పేదేముంది. "మంగళవారం వాయించు, మగ్గాలు బందుంటయి గదా" అంది అక్క. అందరూ సరేనన్నారు. మంగళవారం వచ్చింది. మగ్గాలు ఆగాయి, వీధి సద్దుమణిగింది. నాయిన స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని మంచం మీద కూర్చున్నాడు. ఇన్నేళ్లకు మళ్లీ భజనకు పోతున్నట్టున్నాడు. నేను ప్లగ్ పెట్టి మీట నొక్కాను. దీపం వెలగలేదు. మళ్లీ నొక్కాను. అప్పుడు అందరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మంగళవారం మా పేటకు కరెంటు సెలవు. కరెంటు లేకనే మగ్గాలు ఆగుతాయి. మగ్గాలు ఆగిన రోజున గిటారు కూడా ఆగుతుందని, పుట్టినప్పటి నుంచి దాజీ పేట్‌లో ఉన్న ఒక్క మనిషికీ తట్టలేదు. "కరెంటు గిటార్ దెచ్చి కరెంటు లేని దినం ముహూర్తం వెట్టిన్రు. మస్తు అక్కల్ ఉన్నది మా ఇంట్ల" అంది అమ్మ, మా తెలివికి దండం పెడుతూ.

అందరూ నవ్వుతుంటే నాకు ఏడుపొచ్చింది. మొండిగా, ఆంప్ లేకుండానే మీటాను. ఈగ ముసిరినంత చప్పుడు. "పలుకుతలేదేందే?" అన్నాడు నాయిన. నా మొహం చూశాడు. లేచి వచ్చి నా పక్కన కూర్చుని, గిటారు కట్టె మీద అరచెయ్యి పెట్టాడు. మగ్గంలో ఏదన్నా తేడా వస్తే ఆయన అలాగే చట్రం మీద చెయ్యి పెట్టి కనుక్కునేవాడు. "ఇంకోపారి కొట్టు" అన్నాడు. కొట్టాను. ఆయన కనుబొమలు లేచాయి. మెల్లగా వంగి, గిటారు పై అంచుకు దవడ ఆనించి కళ్లు మూసుకున్నాడు. కట్టె అదురు చెవితో పని లేకుండా ఎముకలోంచే లోపలికి పోతున్నట్టుంది. "ఆపకు బిడ్డా" అన్నాడు.

ఆయన మానేసిన భజన పాట వాయించాను. వాయిస్తూ అలవాటుగా పాడాను కూడా. నాయిన వేళ్లు మంచం పట్టె మీద తాళం వేశాయి, ఎక్కడా వెనకబడలేదు. పాట అయ్యాక తలెత్తి, "నీ గొంతు సన్నగుంటదని అందరు ఉత్తగనే అంటరే. ఎంత నిండుగున్నది!" అన్నాడు. అది నా గొంతు కాదు నాయినా, కట్టె అని చెప్పబోయాను. బావ నా వైపు చూసి, వద్దన్నట్టు తల ఊపాడు. ఆ ఒక్క మాటను మాత్రం దుబాసీ చెప్పలేదు.

ఆ తర్వాత ప్రతి మంగళవారం మాదే. ఆంప్ మీద అమ్మ పాపడాల డబ్బా పెట్టుకుంది. నేను అన్ని రోజులు తిరిగి ఏరుకొచ్చిన పికప్‌లకు ఆ ఇంట్లో పనే పడలేదు.

ఫోను మళ్లీ మోగింది. "ఏమైందే చిన్నమ్మా? చెప్పవు!" అంది పిల్ల. "ప్లగ్గు పీకెయ్. దవడ ఆనించి లావు తీగ కొట్టు" అన్నాను. ముందు దుకాణమాయన ఏదో అంటుండటం వినిపించింది, ఆపైన మెల్లగా దాని గొంతు: "రెండోది, చిన్నమ్మా."

నా గిటారు పై అంచున, నాయిన దవడ ఆనించిన చోట, పాలిష్ పోయి కట్టె కనిపిస్తుంది. నాయిన లేడు. కింద మగ్గాలు అమ్మేశాం, ఇప్పుడు కరెంటూ పోవడం లేదు. ఆంప్ పెట్టి వాయిస్తే వీధి చివరిదాకా వినిపించే రోజులు వచ్చాయి. అయినా మంగళవారం వచ్చిందంటే నా చెయ్యి దానంతటదే పోయి ప్లగ్గు తీసేస్తుంది. కాలం చాలా దూరం వెళ్లిపోయిందని ఆ చేతికి ఎవరు చెప్పాలి, ఏ గొంతుతో చెప్పాలి.